ఎడమ చేతి చదువు

ఊరు విడిచి ఎల్బీ నగర్‌కు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. డీసీఎం బండిలో బియ్యం డబ్బా, రెండు ట్రంకు పెట్టెలు, పొయ్యి, పరుపులు. వాటన్నిటి నడుమ బొంతలో చుట్టి, బాలింతను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టిన ఆసు. మగ్గం అప్పటికే అమ్మేశారు. మా నాయన ఆసును కూడా ఊళ్లోనే వదిలేద్దామన్నాడు. నాయనమ్మ వినలేదు.

"మగ్గానికి ఇల్లు గావాలె, ఆసుకు గోడ చాలు. గోడకు కూడా కిరాయి అడుగుతడా మీ ఓనరు?" అంది.

ఆసు అంటే తెలియని వాళ్లకు చెప్తాను. చెక్క చట్రం అది. ఒక పక్కన ఒంటరిగా ఒక మేకు ఉంటుంది. దానికి ఎదురుగా నెలవంక లాగా వరుసగా మేకులు. పట్టు దారం పట్టుకుని ఒంటి మేకు నుంచి వరుసలో మొదటి మేకుకు పోవాలి, తిరిగి రావాలి, రెండో మేకుకు పోవాలి, తిరిగి రావాలి. పొద్దంతా చెయ్యి పోతూ వస్తూ ఉండాలి. ఇట్లా పోసిన దారానికే తర్వాత ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. అప్పుడు గాని పోచంపల్లి చీర మీదికి చిలుకో ఏనుగో దిగిరాదు. ఒక్క మేకు తప్పితే చిలుక ముక్కు పోయి తోక దగ్గర తేలుతుంది. ఊళ్లో ఉన్న మా పెద్దనాయన పట్టు దారాన్ని బస్సులో పంపేవాడు, పోసిన దారాన్ని మేము మళ్లీ బస్సులో పంపేవాళ్లం.

నాది పుట్టుకతో ఎడమ చెయ్యి. ఒకటో తరగతిలోనే టీచరమ్మ బలపాన్ని కుడి చేతికి మార్పించింది. అన్నం కూడా కుడి చేత్తోనే తినమని అమ్మ కసిరేది. నాయనమ్మ ఒక్కతే ఆసు ముందు కూర్చోబెట్టుకుని, "దేవుడిచ్చిన చెయ్యి గదనే, దానికి కూడా ఒక పనియ్యాలె" అని దారం నా ఎడమ చేతిలో పెట్టింది. అట్లా నా కుడి చెయ్యి బడికి పోయింది, ఎడమ చెయ్యి ఇంట్లో ఉండిపోయింది.

ఎనిమిది దాకా సర్కారు బళ్లో తెలుగు మీడియంలో చదివాను. తొమ్మిదిలో మా నాయన నన్ను తెచ్చి మా వీధి చివర ఇంగ్లీషు మీడియం బళ్లో వేశాడు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దున పదింటికి నిలబడితే దుకాణం కట్టేసేదాకా చీరలు విప్పడం, మడతపెట్టడం. "ఇంగ్లీషు రాకుంటే నా లెక్కనే మడతలు పెట్టుకుంట బతుకుతవ్" అన్నాడు. నా మంచికే అన్నాడు. కానీ తెలుగులోనే ఎనిమిదేళ్లు చదివిన పిల్ల ఒక్క ఎండాకాలంలో ఇంగ్లీషు పిల్ల ఎట్లా అవుతుంది? క్లాసులో కూర్చుంటే చుట్టూ మాటలు నడుస్తుండేవి, బస్టాండులో కూర్చుంటే బస్సులు నడిచినట్టు. ఏ బస్సు బోర్డూ నాకు చదవరాదు.

నాకు ఒకటే దిక్కు. చదివింది నిలవదు గాని, చెవిన పడింది పోదు. సోషల్ చెప్పే మేడమ్ గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. గొంతు గంటలాగా ఉండేది. జవాబులన్నీ ఇంగ్లీషులో చదివి నోట్సు రాయించేది. ఆ గొంతు యథాతథంగా నా చెవిలోకి పోయేది. సాయంత్రం ఇంటికి వచ్చి, ఎడమ చేత్తో దారం పట్టుకుని, ఆ గొంతును బయటికి తీసేదాన్ని. ఒక్కో మాటకు ఒక్కో మేకు. 'ద' అంటే మొదటి మేకు, 'మాన్సూన్' అంటే రెండోది, 'విండ్స్' అంటే మూడోది. నాలుగు మార్కుల జవాబు రెండు వరుసలు తిరిగేది. రెండు మార్కులది ఒక్క వరుసకే అయిపోయేది. చెయ్యి మేకు దగ్గరికి పోతే చాలు, మాట అక్కడ కూర్చుని ఉండేది, పిలవకుండానే వచ్చేది.

నాయనమ్మ పక్కన కూర్చుని భుజానికి జిందా తిలిస్మాత్ రాసుకుంటూ వినేది. అప్పటికే ఆమె కుడి భుజం పడిపోయింది. చెయ్యి చెవిదాకా కూడా లేచేది కాదు. తల నేను దువ్వేదాన్ని. ఒకరోజు అడిగింది.

"ఎవడే గా మాన్సూను? రోజు పొద్దుమీకంగనే వస్తడు మనింటికి?"

నేను నవ్వి, "నాలుగు మార్కులవాడు నాయనమ్మా" అన్నాను.

"నాలుగు మార్కులోడు రోజొస్తే ఎట్ల? పది మార్కులోనిని పిలువు" అంది. అప్పటి నుంచి ఆమెకు అదొక ఆట. నేను ఆసు ముందు కూర్చోగానే, "మాన్సూన్ వచ్చిండా?" అని అడిగేది. "వచ్చిండు" అంటే, "చాయ్ పెట్టుమను మీ అమ్మను" అనేది. అమ్మ చీరలకు ఫాల్ కుడుతూ, "ముసల్దానికి పని లేదు, పోరికి సిగ్గు లేదు" అని నోట్లో సూది పెట్టుకునే నవ్వేది.

నవ్వుకున్నాం గాని, ఇప్పుడు ఒప్పుకోవాలి. మాన్సూన్ అంటే ఏందో నాకూ తెలియదు. నిజంగానే తెలియదు. అది ఒక ప్రశ్న, దానికి రెండు వరుసల జవాబు, అంతే. ఒకసారి మేడమ్ జవాబు మొత్తం అప్పజెప్పించుకుని, "భలే చెప్పావమ్మా. ఇప్పుడు అదే నీ మాటల్లో తెలుగులో చెప్పు" అంది. నా మాటలు అనేవి ఆ జవాబులో ఎక్కడా లేవు. మేడమ్ పాపం నాకు భయమనుకుని, "సరే కూర్చో తల్లీ" అంది.

హాఫ్ ఇయర్లీలో సోషల్‌లో నాకు మంచి మార్కులు వచ్చాయి. అప్పుడు నా సీటు గోడ పక్కన ఉండేది. ఎడమ చెయ్యి గోడ వైపు ఉండి, బెంచీ కింద దాని పని అది చేసుకునేది, కుడి చెయ్యి రాసుకునేది. ఎవరూ చూడలేదు. చూడాల్సిన వింత అని నాకూ తోచలేదు. అందరికీ అట్లాగే ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను.

పదో తరగతిలో సంక్రాంతి సెలవులైపోయాక మా నాయన ఒక మాట చెప్పాడు. భోజనం ముందు కూర్చుని, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"టెన్త్ పాసైనవా, ఇంటర్ల ఏస్త. ఎట్లనన్న ఏస్త. ఫెయిలైతే మాత్రం నన్ను అడగకు బిడ్డా. నాయనమ్మ భుజం చూస్తున్నవ్ గద. పెద్దనాయనకు దారం పోసేటోళ్లు లేరు."

నాకు ఇంటర్ కావాలి. ఇంటర్‌లో ఏముంటుందో తెలియదు గాని కావాలి. మెట్రో ఎక్కి పోయే అమ్మాయిల్లాగా బ్యాగు ముందుకు వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా పోవాలని ఉండేది. అంత చిన్న కోరిక అది.

ప్రీఫైనల్ పరీక్షలకు రోల్ నంబర్ల లెక్కన కూర్చోబెట్టారు. నాకు గది నడుమ సీటు పడింది. ఎడమ పక్క వరుసలో నా స్నేహితురాలు. వాళ్ల నాన్న విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ట్యూషన్ సెంటర్ నడిపేవాడు. ఆమె క్లాసులో ఫస్టు. ఆ బళ్లో నాతో మాట్లాడిన మొదటి పిల్ల ఆమే. టిఫిన్ డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టుకొచ్చి సగం నాకిచ్చేది.

సోషల్ పరీక్ష రోజు పెద్ద ప్రశ్నలైపోయి బిట్ పేపర్ ఇచ్చారు. బిట్ పేపర్ అంటే ఏ, బీ, సీ, డీలలో ఒకటి రాయాలి. చదువు రాని పిల్లలు కూడా పాసయ్యే చోటు అదే కాబట్టి, వేళ్లతో సైగలు చేసుకునేది కూడా అక్కడే. ఒక వేలంటే ఏ, రెండు వేళ్లంటే బీ. ఇది బళ్లో అందరికీ తెలిసిన విద్య, సార్లకు ఇంకా బాగా తెలుసు. నేను ఒక బిట్ దగ్గర ఆగి, జవాబు ఏ వరుసలో ఉందో వెతుక్కుంటున్నాను. గోడ లేదన్న సంగతే మరిచిపోయాను. నా ఎడమ చెయ్యి గాలిలో మొదటి మేకుకు పోయింది, వచ్చింది. రెండో మేకు. మూడో మేకు. నాలుగో మేకు.

"ఏయ్! ఏంటమ్మా అది? ఎవరికి చెప్తున్నావ్ బిట్లు?"

మేడమ్ గొంతు. అదే గంట లాంటి గొంతు. పేపర్ నా చేతి కింద నుంచి పోయింది.

"కాదు మేడమ్... దారం..." అన్నాను.

"దారమా? ఏ దారం?"

క్లాసంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో, "గాలిపటం ఎగరేస్తుంది మేడమ్" అన్నారు. మేడమ్ నా స్నేహితురాలి పేపర్ కూడా తీసుకుని చూసింది. అన్ని బిట్లూ కరెక్టే. ఎందుకు కావు, ఆమె ఫస్టు కదా. కానీ ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒట్టండి మేడమ్, నేను అటు చూడనే లేదండి. ఆ అమ్మాయి ఎందుకు అలా చేస్తుందో నాకు తెలీదండి."

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అయినా 'ఆ అమ్మాయి' అన్న మాట నా చెవిలో పడింది, చెవిన పడింది పోదని చెప్పాను కదా.

సాయంత్రానికల్లా బడి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పేరు రాయలేదు, రోల్ నంబర్ రాశారు. మా నాయన దుకాణంలో చీర విప్పుతూ చూశాడట. ఇంటికి వచ్చి చొక్కా కూడా విప్పకుండా నిలబడ్డాడు.

"మా దుకాణంల పనిచేసేటోళ్ల పిల్లలు గూడ గదే బడి. రేపు వాళ్లకు ఏ ముఖం చూపియ్యాలె నేను?"

"నేను ఎవరికీ చెప్పలే నాయినా. చెయ్యి దానంతట అదే..."

"చెయ్యి దానంతట అదే పోతదా? దయ్యం పట్టిందా చెయ్యికి?"

నాయనమ్మ గోడకు ఆనుకుని అంతా విన్నది. "దయ్యం గాదురా. ఆసు పట్టింది" అంది. "రేపు నేనొస్త బడికి. నేను చెప్త వాళ్లకు."

మర్నాడు నాయనమ్మ తన పెళ్లయిన కొత్తనాటి పట్టుచీర కట్టుకుంది. అది ఆమె పోసిన దారమే, తాత నేసిన చీరే. ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్ సార్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. మేడమ్ కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది.

"సారూ, మా పోరి దొంగ గాదు. ఆసు పోసుకుంట చదువుతది. గట్ల చెయ్యి తిరిగితేనే దానికి మాట యాదికొస్తది. గిట్ల..." అని లేవని కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టి ఎత్తి, గాలిలో తిప్పి చూపించింది. "గిట్ల పోయి, గిట్ల రావాలె. మాన్సూన్ గూడ గట్లనే వస్తడు సారూ."

ఫీజుల దగ్గర కూర్చునే క్లర్కమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. సార్ నవ్వాపుకున్నాడు. కిటికీ అవతల తొమ్మిదో తరగతి పిల్లలు నిలబడి, నాయనమ్మ తిప్పినట్టే చేతులు తిప్పుతున్నారు. ఆ చీర, ఆ చెయ్యి, ఆ మాన్సూన్. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

సార్ నా వైపు తిరిగాడు. మంచిగానే అడిగాడు. "చూడమ్మా, నిజం చెప్పు. నీకు చెయ్యి తిప్పకుంటే ఆన్సర్ రాదా?"

ఒక్క మాట. 'రాదు సార్' అంటే చాలు. నాయనమ్మ నా నోటి వైపే చూస్తోంది. కిటికీ అవతల చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

"వస్తది సార్" అన్నాను.

నాయనమ్మ ఎత్తిన చెయ్యి మెల్లగా దింపింది.

"మరింకేంటి" అంది మేడమ్. "నేను నీ మీద కోపంతో అనట్లేదు తల్లీ. ఇక్కడంటే మేమున్నాం. పబ్లిక్‌లో స్క్వాడ్ వచ్చి చూస్తే డిబార్ చేస్తారు. అప్పుడు నీ చదువేం కావాలి?" ఆమె చెప్పింది సరైన మాటే. ఆ గదిలో అందరూ సరైన మాటలే చెప్పారు, నేను తప్ప.

తెల్లకాగితం మీద హామీపత్రం రాయించారు. 'ఇకమీదట పరీక్ష గదిలో నా ఎడమ చేతిని కదిలించను.' నా కుడి చేత్తోనే రాశాను. నాయనమ్మ వేలిముద్ర వేసింది. ముద్రలో అడ్డంగా తెల్ల గీతలు పడ్డాయి. ఏళ్ల తరబడి దారం కోసిన గీతలవి. క్లర్కమ్మ, "సరిగ్గా పడలేదు, ఇంకోసారి వేయండమ్మా" అంది. రెండోసారీ అట్లాగే పడింది.

ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ మెట్రో పిల్లర్ నీడలో కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "వస్తదంటివి గద బిడ్డా" అంది. "వస్తది తియ్యి."

ఆ మాట తిట్టయినా బాగుండేది.

అప్పటి నుంచి నేను చెయ్యి కదపకుండా చదవడం మొదలుపెట్టాను. ఎడమ చేతిని చున్నీతో కుర్చీకి కట్టమని అమ్మను నేనే అడిగాను. అమ్మ వద్దు వద్దంటూనే వదులుగా కట్టింది. 'ద మాన్సూన్ విండ్స్' దాకా వచ్చేది. ఆ తర్వాతి మాట ఉండాల్సిన చోట మేకు లేదు. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉండేది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే. ఒకరోజు మా నాయన భోజనానికి వచ్చి, కట్టేసి ఉన్న నా చేతిని చూసి, మంచినీళ్లు మాత్రం తాగి దుకాణానికి వెళ్లిపోయాడు.

నా స్నేహితురాలి వాళ్లమ్మ ఆమె సీటు మార్పించింది. కారిడార్‌లో ఎదురైతే, "బాగా చదువుతున్నావా?" అని అడిగేది, పెద్దవాళ్లు అడిగినట్టు. "ఆ, చదువుతున్న" అనేదాన్ని. గోంగూర సంగతి ఇద్దరం ఎత్తలేదు.

పబ్లిక్ పరీక్షలకు సెంటర్ తుర్కయంజాల్ వైపు పడింది. మిగతా పేపర్లు ఎట్లాగో గట్టెక్కాయి. లెక్కలకు, తెలుగుకు నాకు ఆసు అక్కర్లేదు. సైన్సులో బొమ్మలు కాపాడాయి. సోషల్ రోజు ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ప్రశ్నపత్రం తిప్పగానే రెండో ప్రశ్న అదే. మాన్సూన్. రాశాను, మొదటి మూడు మాటలు. తొడ కింద చెయ్యి మొద్దుబారింది, చీమలు పాకాయి. నాలుగో మాట రాలేదు. నాకు తెలుసు అది నాకు తెలుసునని. ఇంట్లో గోడకు ఆనించిన చెక్కలో, ఏ మేకు మీద ఉందో కూడా తెలుసు. అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చే దారి ఒక్కటే ఉంది, దాని మీదే నేను కూర్చున్నాను. గదిలో ఉన్న సార్ ముసలాయన, మంచివాడు. "రాయమ్మా, టైముంది ఇంకా" అని రెండుసార్లు అన్నాడు. ఆయనకు నా హామీపత్రం సంగతి తెలియదు. నేను చెయ్యి తిప్పినా బహుశా ఏమీ అనకపోయేవాడు. ఆ సంగతి ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం కిటికీ అవతల చేతులే కనబడ్డాయి.

సోషల్ ఒక్కటే పోయింది.

సప్లిమెంటరీ రాశాను. ఈసారి ధైర్యం చేసి చేతిని బల్ల మీద పెట్టుకున్నాను, ఎవరేమన్నా సరే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ చెయ్యి కదలలేదు. నేను కదిపితే కదిలింది గాని, దానంతట అది పోలేదు. నేను పంపిస్తే పోయే చెయ్యికి మేకులు ఎక్కడున్నాయో ఏం తెలుస్తుంది? ఇన్నాళ్లు కూర్చోమంటే కూర్చోవడం నేర్చుకుంది. బడి నాకు నేర్పినదాంట్లో అదొక్కటే బాగా నిలిచింది.

అదీ పోయింది. ఫలితాలు వచ్చిన రోజు మా నాయన కోప్పడలేదు. "సరే తియ్యి" అన్నాడు. పెద్దనాయనకు ఫోన్ చేసి, "దారం పంపు అన్నా" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

రెండు రోజులకు పట్టు వచ్చింది. పొద్దున్నే ఆసు ముందు కూర్చున్నాను. బయట ముసురు పట్టింది. వీధిలో స్కూల్ బస్సు హారన్ కొడుతోంది. దారం ఒంటి మేకుకు చుట్టి, మొదటి మేకుకు పోయాను, వచ్చాను. రెండో మేకు. మూడో మేకు. నాలుగో మాట వచ్చింది. ఐదోది వచ్చింది. ఎక్కడా ఆగకుండా, మేడమ్ గొంతుతో, రెండు వరుసల జవాబు మొత్తం వచ్చి మేకుల మీద కూర్చుంది. నేను పిలవలేదు. పెదవులు కదులుతున్నాయని నాకే తెలియలేదు.

ఆ ఆఫీసు గది తర్వాత నాయనమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. ఆరోజు అడిగింది.

"మాన్సూన్ వచ్చిండా?"

"వచ్చిండు నాయనమ్మా."

"ఎవడే వాడు? ఇప్పుడన్న చెప్పు."

వాన చూరు మీద నుంచి ధార కట్టి పడుతోంది. నైరుతి నుంచి గాలులొస్తాయి, జూన్‌లో మొదలవుతాయి అని నా చెయ్యి ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతోంది. అప్పుడు, ఆ క్షణాన, నాకు అర్థమైంది.

"మనిషి గాదు నాయనమ్మా. వానకాలం."

నాయనమ్మ కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది.

"గీ వానకాలమా?" అంది. "వానకాలం తెల్వదని ఫెయిల్ జేసిన్రా నిన్ను?"

నా చెయ్యి అప్పటికే ఒక మేకును వదిలేసి దాటిపోయింది. దారం వెనక్కి విప్పి, మళ్లీ మొదటి మేకు నుంచి పోయడం మొదలుపెట్టాను.